కార్తీకంలో మామిడిపండు వాసన

మా ఇంట్లో షుగర్ జేజి సొంతం. నాకు ఊహ తెలిసేటప్పటికే అది ఆమె దగ్గర ఉంది, ముక్కుపుడక ఉన్నట్టు, వక్కాకు సంచి ఉన్నట్టు. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర, పండగనాడు రెండు ఓళిగలు, ఆ తర్వాత డాక్టరు ముందు అబద్ధాలు. ఆ జబ్బుతో ఆమె కాపురం అలా సాఫీగా సాగుతోంది. అందుకే పోయిన ఏడాది మే నెలలో అది నాకూ వచ్చిందని చెప్పినప్పుడు, మా నాయనను కన్న ఆ తల్లి నా వైపు ఒక చూపు చూసింది. అడక్కుండా తన పెట్టె తెరిచిన మనవరాలిని చూసే చూపు.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. కర్నూల్లో డిగ్రీ చదువుతున్నాను. ఇది రాయమన్నది మా డాక్టర్ మేడం. "కొత్తగా ఈ జబ్బు బయటపడిన పిల్లల తల్లిదండ్రులు నా గదిలో కూర్చొని ఏడుస్తారు. వాళ్లు చదువుకునేందుకు ఏదైనా రాసివ్వు. నువ్వు బాగా మాట్లాడతావు కదా" అన్నారు. బాగా అంటే ఎక్కువ అని ఆమె ఉద్దేశం. అయినా ఒప్పుకున్నాను. గండం గడిచింది, పరీక్షలు అయిపోయాయి, ఇంట్లో ఖాళీగా కూర్చుంటే బట్టలు మడతపెట్టమంటారు.

మే

మాకు బనగానపల్లె దగ్గర మామిడితోట ఉంది. నాయనకు కర్నూల్లో డ్రిప్ పైపుల అంగడి. మే నెల వచ్చిందంటే తోటనుంచి కాయలు దిగుతాయి, వెనక గదిలో వరిగడ్డి పరిచి మాగేస్తారు. ఇక నెలన్నర పాటు మా ఇల్లంతా అదే వాసన. దిండ్లకు, దుప్పట్లకు, నా పుస్తకాలకు, నాయన చొక్కాలకు. ఆ కాలంలో మా ఇంటికొచ్చిన వాళ్లు చెప్పులు విడవకముందే పండు అడుగుతారు.

నాకు దాహం మొదలైంది కూడా అప్పుడే. ఎవరూ పట్టించుకోలేదు. కర్నూల్లో మే నెలలో దాహం వేయడం జబ్బు కాదు, పౌరసత్వం. బరువు తగ్గాను. ఒక పెళ్లిలో మా పిన్నమ్మలు చుట్టూ చేరి "ఏం తింటాండావే ఇంత సన్నమైతివి, మాకూ చెప్పు" అని అడిగారు. నేను చెప్పకుండా నవ్వాను, గొప్ప రహస్యం దాచినట్టు. నిజానికి దొరికిందల్లా తింటున్నాను. రాత్రుళ్లు బాత్రూముకు అన్నిసార్లు లేస్తుంటే అమ్మ "సెల్లు చూసేకి పోతాండావా" అని అనుమానపడింది.

ఒకరోజు పొద్దున వాంతులు పట్టుకున్నాయి. జేజి నా తల పట్టుకోవడానికి వంగి, ముఖంలో ముఖం పెట్టి వాసన చూసింది.

"దొంగదానా, వెనక గదిలో పండ్లన్నీ నువ్వే తింటివి గదే. నోరంతా మామిడిపండు వాసన."

"నేను తినలే జేజీ."

"తినకపోతే నోట్లో యాడనుంచి వచ్చె? చెట్టు మొలిచిందా?"

కేసు అక్కడితో మూసేశారు. పండ్లు తిన్నది, వేడి చేసింది, వాంతులు అయినాయి. శిక్షకు, చికిత్సకు రెండింటికీ పనికొచ్చేలా చక్కెర దండిగా వేసిన నిమ్మకాయ నీళ్లు తాగించారు. నాయన అంగడినుంచి వస్తూ కూల్‌డ్రింకు తెచ్చాడు. ఇంత ప్రేమగా ఒక మనిషిని ఆసుపత్రి వైపు నెట్టడం మా ఇంటివాళ్లకే సాధ్యం.

మధ్యాహ్నానికి నాకు ఊపిరి లోతుగా, వేగంగా రావడం మొదలైంది. గుట్ట ఎక్కుతున్న మనిషి ఊపిరి. నేనేమో మంచం మీద ఉన్నాను. అది చూసి అమ్మ ఆటోను పిలిచింది.

ఆసుపత్రిలో నర్సు వేలు గుచ్చి మిషన్ చూసింది. మళ్లీ గుచ్చి మళ్లీ చూసింది. మిషన్‌లో అంకె లేదు, "హై" అని మాత్రం ఉంది. నా వల్ల కాదు, మీరే చూసుకోండి అని అది చేతులెత్తేసిందన్నమాట. ఆ తర్వాతి సంగతులు నాకు ముక్కలుగానే గుర్తున్నాయి. ముంజేతికి సూదులు, పైన తెల్లటి దీపం, గాజు తలుపు బయట నాయన. మనిషి మారిపోయాడు. అంగడిలో బేరాలాడే మనిషి కాదు, స్కూలు గేటు బయట పిల్ల కోసం నిలబడిన మనిషి. నేను చెయ్యి ఊపాను. ఆయన రెండు చేతులూ ఊపాడు.

లేచి కూర్చునే ఓపిక వచ్చాక డాక్టర్ మేడం మా నలుగురికీ విడమరిచి చెప్పారు. ఇది జేజి షుగర్ కాదు. అది టైప్ టూ, ఇది టైప్ వన్. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలను ఒంటి కాపలావాళ్లే దొంగలనుకొని చంపేశారు. మామిడిపండ్ల వల్ల రాలేదు. ఎవరినుంచీ అంటలేదు. నోట్లో వచ్చింది పండు వాసన కాదు, ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వును తానే కరిగించుకుంటుంటే వచ్చే వాసన. ఇక రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి.

"ఇది మానేది కాదు" అన్నారు చివర్లో.

ఆ ఒక్క మాట మా ఇంట్లో రెండు రకాలుగా వినబడింది. ఈ జబ్బు ఎన్నటికీ నయం కాదని నాయనకు వినబడింది. ఈ సూది ఎన్నటికీ ఆపకూడదని అమ్మకు వినబడింది. తర్వాత జరిగిందంతా ఆ రెండు వినికిళ్ల మధ్య గొడవే. జేజికి మాత్రం "మామిడిపండ్ల వల్ల రాలేదు" అన్నంతవరకే వినబడింది. నన్ను ఊరికే తిట్టానని తెలిసి ఆ రోజంతా నా కాళ్లు వత్తుతూ కూర్చుంది. వద్దన్నా వినలేదు. ఆమె క్షమాపణ అడగదు, కాళ్లు వత్తుతుంది.

డాక్టర్ గది బయట బల్లల మీద అంతా పెద్దవాళ్లే. ఒక పెద్దాయన నన్ను పలకరించాడు.

"ఎవరికి పాపా షుగరు? మీ జేజికా?"

"నాకే తాతా."

ఆయన జేజిని చూశాడు, నన్ను చూశాడు. ఏమనాలో తెలియక, ఫ్యాను కింద ఉన్న తన చోటునుంచి లేచి "ఈడ కూర్చో తల్లీ, గాలి తగుల్తాది" అన్నాడు. నా జబ్బు గురించి విని సలహా ఇవ్వని మొదటి మనిషి ఆయనే. చివరి మనిషి కూడా.

జూన్‌నుంచి దసరాదాకా

ఇన్సులిన్ పెన్నులు రెండు. ఒకటి రోజంతా నెమ్మదిగా పనిచేసేది, ఇంకొకటి భోజనానికి ముందు వేసుకునేది. ఇది మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, నాయనకు తప్ప.

"ఒకటి డ్రిప్పు, చుక్క చుక్క పడతానే ఉంటాది. ఇంగోటి కాలువ, తిన్నప్పుడు గేటెత్తాల. అంతే గదా మేడం?"

మేడం ఆయన్ను కొత్తగా చూశారు. ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఆమెకు ఈ పోలిక తట్టలేదట. నాయన ఆ రోజంతా నడుం నిటారుగా పెట్టి నడిచాడు.

అమ్మ అన్నాన్ని కప్పుతో కొలవడం నేర్చింది. జొన్నరొట్టెకు ఎంత, సంగటికి ఎంత, ఉగ్గాని బజ్జీకి ఎంత అని మేడంను అడిగి ఫ్రిజ్ తలుపుకు రాసి అంటించింది. ఏదైనా తినొచ్చు, తిన్నదానికి తగ్గట్టు సూది వేసుకోవాలి అని మేడం చెప్పినా, మామిడిపండ్లు మాత్రం ఒక్కటి మిగలకుండా బంధువులకు పంచేసింది. తప్పు పండుది కాదని రుజువయ్యాక కూడా దానికి ఊరి బహిష్కారం తప్పలేదు.

నాయన మందు వెతకడం మొదలుపెట్టాడు. మొదట ఫోన్లో. రాత్రి అన్నాలయ్యాక పళ్లెం ముందు కూర్చొనే చదివి వినిపించేవాడు.

"పాపా, చూడిట్ల. ఎలుకలకు పూర్తిగా నయమైందంట."

"మంచిది నాయనా, వాటి అమ్మానాన్నలకు శుభాకాంక్షలు చెప్పు."

వారానికొకసారైనా ఎక్కడో ఒక దేశంలో ఎలుకలకు షుగర్ నయమయ్యేది. ఈ ప్రపంచంలో ఎలుకలకు దొరికినంత మంచి వైద్యం ఇంకెవరికీ దొరకడం లేదని నాకు అప్పుడే తెలిసింది. నేను నవ్వేదాన్ని. నాయన నవ్వేవాడు కాదు. ఆయన స్నానానికి పోయినప్పుడు చూస్తే ఆ వార్తలన్నీ ఫోన్లో నా పేరుతో ఒక చోట దాచి ఉన్నాయి. ఆ తర్వాత ఎలుకల మీద జోకులు కొంచెం తగ్గించాను.

శ్రావణంలో ఎవరో చెప్పారు, కడప అవతల కొండల కింద పల్లెలో ఒకాయన ఆకుమందు ఇస్తాడని. నాయన కారు తీశాడు. దారి పొడవునా అమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. మా అమ్మకు కోపం వస్తే మాటలు ఆగిపోతాయి, ఇంట్లో ఉంటే గిన్నెలు మాట్లాడతాయి. కారులో గిన్నెలు లేవు కాబట్టి ప్రయాణం ప్రశాంతంగా జరిగింది.

ఆ ఆకుమందాయన చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. గడ్డాలు, మంత్రాలు ఉంటే మా నాయన నమ్మేవాడు కాదు. తెల్ల పంచె, నెమ్మదైన మాట, వచ్చినవాళ్లకు మజ్జిగ. నా మణికట్టు పట్టుకొని నాడి చూశాడు. మధ్యలో ఫోను మోగితే ఒక చేత్తో అది మాట్లాడుతూ ఇంకో చేత్తో నాడి చూశాడు. బహుశా నాడి కూడా హలో అని ఉంటుంది.

"మూడు నెలలు ఈ పొడి తాగించప్పా. సూది మాన్పిస్తా" అన్నాడు.

నాయన కళ్లు తుడుచుకున్నాడు. డ్రిప్ పైపుల బాకీలు వసూలు కాని ఏడాది కూడా ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదు. అందుకే పొడి తాగడానికి ఒప్పుకున్నాను. దాని చేదు ఎంతంటే, తాగాక కాకరకాయ కూర పాయసంలా అనిపించేది.

అమ్మ ఇంటికొచ్చాక ఒక్క మాటే అన్నది. "పొడి తాగితే తాగనీ. సూది మాత్రం నా చేతిలో ఉంటాది."

ఆశ్వయుజం వచ్చేసరికి వింత జరిగింది. నా ఇన్సులిన్ అవసరం తగ్గుతూ వచ్చింది. మేడం మోతాదు తగ్గించారు, ఇంకా తగ్గించారు. చావకుండా మిగిలిన కణాలు కొంచెం విశ్రాంతి దొరికితే కొన్నాళ్లు పనిచేస్తాయనీ, దీన్ని డాక్టర్లు హనీమూన్ అంటారనీ, ఇది నిలవదనీ, సూది మాత్రం ఆపొద్దనీ చెప్పారు.

జేజి వెంటనే అడిగింది. "పెండ్లి కాకుండానే హనీమూనేంది మేడం?"

మేడంకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో నాయనకు "తగ్గింది" అన్న మాట తప్ప మిగతాదేదీ చెవికెక్కలేదు. పొడి పనిచేస్తోందని ఆయన లెక్క. పొడి తాగుతున్నాం, సూది తగ్గుతోంది, ఇంకేం కావాలి? చూసేవాళ్లకు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

కార్తీకం

ఆకుమందాయన ఫోన్లో చెప్పాడు, ఇక సూది ఆపేయమని. ఇంకో షరతు కూడా పెట్టాడు. వేలు గుచ్చి మిషన్ చూడకూడదట. అనుమానంతో తాగితే మందు ఒంటికి పట్టదట. మందుకు కూడా అంత ఆత్మాభిమానం ఉంటుందని నాకు తెలియదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో గిన్నెలు చాలాసేపు మాట్లాడాయి. చివరికి అమ్మ వంటింట్లోంచి వచ్చి రెండు పెన్నులూ నాయన చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టుకో. పిల్లకేమన్నా అయితే..."

నాయన వాటిని పట్టుకొని అలాగే నిలబడ్డాడు. అమ్మ రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చి, ఆయన చేతిలోంచి లాక్కొని ఫ్రిజ్‌లో పెట్టింది. "బయట పెడితే చెడిపోతాయి" అన్నది ఎవరి వైపూ చూడకుండా. గొడవలో కూడా మా అమ్మ ఫ్రిజ్ మరిచిపోదు.

"ఒక్క వారం పాపా. ఒక్క వారం చూద్దాం" అన్నాడు నాయన నాతో.

సరే అన్నాను. రోజూ కడుపులో గుచ్చుకునే మనిషిని ఆపమంటే ఎవరు కాదంటారు? మొదటి రోజు పండగలా గడిచింది. మరుసటి రోజు దాహం వేసింది. మధ్యాహ్నం తిన్న వడియాల వల్ల అనుకున్నాను. నాయన కూడా వడియాలే అన్నాడు. మే నెలలో మామిడిపండ్ల మీద పడిన నేరం ఇప్పుడు వడియాల మీద పడింది.

ఆ మరుసటి పొద్దు కార్తీక సోమవారం. జేజికి ఉపవాసం. ఆ సంగతి ఆమె డాక్టరుకు తప్ప అందరికీ తెలుసు. తులసికోట దగ్గర వత్తులు పెడుతూ, నూనె పోయమని నన్ను పిలిచింది. వంగాను. జేజి చేతిలోని వత్తి అలాగే ఆగిపోయింది.

"ఏం తింటివే?"

"ఏమీ తినలే జేజీ. వాంతి వచ్చేట్టుండాది."

ఆమె నా గడ్డం పట్టుకొని దగ్గరికి లాక్కుంది. "నీ నోట్లో మామిడిపండు వాసన వస్తాండాది."

నాకు నవ్వొచ్చింది. "ఈ కాలంలో మామిడిపండు యాడిది జేజీ?"

ఆమె నవ్వలేదు.

"అదే గదా నేను అడిగేది" అన్నది.

లేచి నిలబడింది. వెనక గది తలుపు తీసి చూసింది. వరిగడ్డి లేదు, ఉల్లిగడ్డల మూటలు, నాయన పైపుల చుట్టలు ఉన్నాయి. ఎవరైనా పండు దాచారేమోనని చూడలేదు ఆమె. లేదని తన కళ్లతో చూసుకోవడానికి చూసింది. తర్వాత వీధి అరుగు దాకా వినబడేలా నాయనను పిలిచింది. ఆయన గడ్డం గీసుకుంటూ సగం ముఖంతో వచ్చాడు.

"పిల్ల నోరు వాసన చూడు."

"వక్కపొడో ఏందో నమిలింటాది లేమ్మా."

"మే నెల్లో ఇదే వాసన. ఆ పొద్దు పండ్లు తినిందని తిడితిని. ఈ పొద్దు ఇంట్లో పండ్లు యాడుండాయో నువ్వు చూపియ్యి, మళ్లా తిడతా."

నాయన నా ముఖం చూశాడు. "ఆయన ఒక్క వారం ఓర్చుకోమన్నాడు..." అని మొదలుపెట్టాడు.

"నాకు ఓర్పు లేదు. చెప్పులేసుకో."

అప్పటికే అమ్మ మిషన్ తెచ్చి నా వేలు గుచ్చింది. మందు ఆత్మాభిమానం గురించి ఎవరూ ఆలోచించలేదు. మిషన్ మళ్లీ "హై" అన్నది. పాపం దానికి వచ్చిన మాటలు తక్కువ. అమ్మ ఫ్రిజ్‌లోంచి పెన్నులు తీసి చల్లటి సంచిలో వేసుకుంది, నాయన సగం గడ్డంతోనే కారు తీశాడు, జేజి వత్తులను వెలిగించకుండానే వదిలేసి నా పక్కన ఎక్కింది. దేవుడికి తర్వాత సర్ది చెప్పుకుంటానన్నది. ఆయనతో ఆమెకు అంత చనువు ఉంది.

ఈసారి గాజు గదిలో ఎక్కువ ఉండలేదు. ఊపిరి గుట్ట ఎక్కకముందే చేరాము. మేడం ఎవరినీ తిట్టలేదు. తిట్టి ఉంటే నాయనకు కొంచెం తేలికగా ఉండేదేమో.

"తొందరగా తెచ్చారు. ఎవరు కనిపెట్టారు?" అన్నారు.

జేజి చెయ్యెత్తింది, బడిలో పిల్లలా.

"మంచి పని చేశారవ్వా. మీరు పొద్దున మాత్ర వేసుకున్నారా?"

జేజి చెయ్యి మెల్లగా కిందికి దిగింది. "ఈ పొద్దు సోమవారం గదా మేడం..." ఆ తర్వాత పావుగంట తిట్లు ఆమెకే పడ్డాయి. ఇంటికొచ్చాక, ఇంత చేసిన మనిషికి ఇదా మర్యాద అని అడిగింది.

సాయంత్రం నన్ను మామూలు గదికి మార్చారు. తలుపు తెరిచే ఉంది. వరండాలో బల్ల మీద నాయన ఒక్కడే కూర్చొని ఉన్నాడు, ముఖానికి ఒక వైపు గడ్డం, ఇంకో వైపు నున్నగా. అమ్మ టీ తెచ్చింది. పొద్దున్నుంచి వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు.

"తాగు. పొద్దున్నుంచి ఏమీ తినలే నువ్వు."

నాయన గ్లాసు తీసుకున్నాడు. "ఆయన అబద్ధం చెప్పలేదే. సూది మాన్పిస్తానన్యాడు, మాన్పిచ్చినాడు. జబ్బు మాన్పిస్తానని యాడా చెప్పలే. నేనే అట్ల వింటిని."

అమ్మ ఆయన పక్కన కూర్చుంది. "ఇంటికి పోయి ఆ రెండో పక్క కూడా గీసుకో. జనాలు చూస్తాండారు" అన్నది. మా ఇంట్లో రాజీ ఒప్పందం అంటే అది.

మరుసటి రోజు మేడం వచ్చినప్పుడు నాయన లేచి నిలబడే అడిగాడు. "పాపకు ఎప్పటికీ ఇంతేనా మేడం? ఏ మందూ రాదా?"

ఆమె కుర్చీ లాక్కొని కూర్చున్నారు. డాక్టరు కుర్చీ లాక్కుంటే భయపడాలని నేను నేర్చుకున్నాను, కానీ ఈసారి అది మంచి కుర్చీ.

చెప్పిందంతా నాకు గుర్తున్నంత వరకు ఇదీ. వెతుకులాట నిజంగానే జరుగుతోంది. చనిపోయిన దాతలనుంచి ఆ కణాలు తీసి ఎక్కించడం కొన్ని చోట్ల ఉంది. మూలకణాలనుంచి ల్యాబులో తయారుచేసిన కణాలు ఎక్కించుకున్న కొద్దిమందిలో కొందరికి సూది అవసరమే లేకుండా పోయింది. ఈసారి ఎలుకలు కాదు, మనుషులే. అయితే ఒంటి కాపలావాళ్లు ఆ కొత్త కణాలను కూడా చంపకుండా వాళ్లను జోకొట్టే మందులు చాలామంది వాడుతూనే ఉండాలి, వాటి బాధలు వాటికి ఉన్నాయి. కాపలా కంట పడని కణాలను తయారుచేయాలని ఇంకొందరు చూస్తున్నారు. జబ్బు ముదరకముందే కనిపెడితే కొంతకాలం వాయిదా వేసే మందు కూడా వచ్చింది, కానీ నాకు ఆ రైలు దాటిపోయింది.

"వస్తుందనే నేను నమ్ముతున్నాను. ఎప్పుడు అని మాత్రం అడగొద్దండి, చెప్తే అబద్ధమవుతుంది. అది వచ్చేనాటికి ఈ అమ్మాయి కళ్లు, మూత్రపిండాలు, గుండె బాగుండాలి. ఆ రోజుదాకా ఆమెను తీసుకుపోయేది ఇన్సులినే."

నాయన నా మంచం అంచున కూర్చున్నాడు. మా తోటకు ఒకసారి వరసగా వానలు తప్పాయి. బోర్లు ఎండిపోతే, కాపు సంగతి మరిచిపోయి, చెట్లు చావకుండా ట్యాంకరుతో నీళ్లు తోలాడు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. వాన వచ్చినప్పుడు మా చెట్లు నిలబడి ఉన్నాయి.

"ట్యాంకరన్నమాట" అన్నాడు.

మేడంకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది.

ఆ తర్వాత

ఇప్పుడు నా చేతి మీద బొత్తాము లాంటి సెన్సారు ఉంది. వేలు గుచ్చే పని చాలావరకు తప్పింది, షుగర్ ఎంతుందో ఫోన్లో కనబడుతుంది. నా ఫోన్లోనే కాదు, అంగడిలో నాయన ఫోన్లో కూడా. ఎలుకల వార్తలు చదివే ఫోను ఇప్పుడు నన్ను చదువుతోంది. క్లాసులో ఉండగా ఫోను చేస్తాడు.

"డెబ్బైకి దిగుతాండాది. ఏమన్నా తిను."

"లెక్చరర్ పాఠం చెప్తాండాడు నాయనా."

"ఆయన్ని కూడా తినమను."

నడుముకు పెట్టుకునే పంపు గురించి కూడా మేడం చెప్పారు. రోజంతా సన్నగా ఇన్సులిన్ వదులుతుంది, భోజనానికి గేటెత్తుతుంది. సెన్సారు చెప్పినదాన్ని బట్టి తనంతట తానే హెచ్చించుకునే, తగ్గించుకునేవి కూడా ఉన్నాయి. మేడం బల్ల మీదున్న నమూనాను నాయన అటూ ఇటూ తిప్పి చూసి "మా సరుకే. పైపు సైజు చిన్నది" అన్నాడు. అది ఇంకా మా ఇంటికి రాలేదు. వచ్చినా ఆయనే బిగిస్తాడేమోనని నా భయం.

ఇది చదువుతున్న అమ్మానాన్నలకు నేను చెప్పేది తక్కువే. మందు కోసం వెతకండి. వెతకొద్దంటే మీరు వినరు, మా నాయన కూడా వినలేదు. మీరు దాచుకున్న వార్తల్లో ఏదో ఒకటి ఒకరోజు నిజమవుతుంది. కానీ ఎవరు ఏమిచ్చినా ముందు డాక్టరుకు చూపించండి, ఎవరు చెప్పినా సూది ఆపొద్దు. మీ పిల్లలకు కొన్నాళ్లు సూది అవసరం తగ్గితే సంతోషపడండి. అది హనీమూన్. హనీమూన్‌నుంచి అందరూ ఇంటికి తిరిగి రావాల్సిందే.

జేజికి సెన్సారు మీద నమ్మకం లేదు. ఆమె పరీక్ష ఆమెకు ఉంది. ఆ కార్తీకంనుంచి రోజూ పొద్దున నేను పళ్లు తోముకోకముందే మంచం దగ్గరికి వస్తుంది. "ఏదీ, నోరు తెరువు" అంటుంది. వాసన చూసి, "ఛీ" అంటుంది. అది నార్మల్ రిపోర్టు.

మళ్లీ మే

ఈ ఏడాది కాయలు దిగాయి. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా వెనక గదిలోంచి ఉల్లిగడ్డలు తీయించి వరిగడ్డి పరిచింది. ఇల్లంతా మళ్లీ ఆ వాసన ఎక్కింది. అందరం ఆ గది ముందునుంచి అటూ ఇటూ తిరుగుతున్నాం, ఎవరూ దాని పేరెత్తడం లేదు.

నిన్న మధ్యాహ్నం అమ్మ ఒక పండు కోసి, టెంకకు రెండు పక్కలుండే బుగ్గల్లో ఒకదాన్ని కాటాలో తూచి, ఫ్రిజ్ తలుపు మీది కాగితం చూసి లెక్క చెప్పింది. నేను సూది వేసుకున్నాను. మేడం చెప్పినంతసేపు ఆగాను. ఏడాది తర్వాత బనగానపల్లె పండు. ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు, రసం మోచేతిదాకా కారుతుంటే ఏడవడానికి తీరిక ఉండదు.

జేజి కునుకు తీసి లేచి వచ్చింది. నా ముఖం చూసి అనుమానంగా ఆగింది.

"ఏదీ, నోరు తెరువు."

తెరిచాను. వాసన చూసింది. మళ్లీ చూసింది. ఆమె చెయ్యి నా గడ్డం మీద బిగుసుకుంది.

"మామిడిపండు వాసన వస్తాండాది."

అంగడికి పోబోతున్న నాయన చెప్పుల్లో ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. ఫోను తీసి చూశాడు.

"తిన్నా జేజీ. నిజంగానే తిన్నా."

అమ్మ వంటింట్లోంచి పండు టెంక చూపించింది, సాక్ష్యంగా.

జేజి టెంక వైపు చూసింది, నా వైపు చూసింది. చెయ్యి వదులైంది. కొంగుతో నా మూతి తుడిచింది, కొంచెం గట్టిగానే.

"తినే ఉంటివి గదా, సరే" అన్నది. తర్వాత గొంతు తగ్గించి, నాయనకు వినబడకుండా అడిగింది. "రెండో బుగ్గ యాడ పెట్టినారే?"